మళ్ళీ అదే బొమ్మా?



రేడియోలో బొమ్మల గురించి మాట్లాడటమంటే ఫోనులో పాయసం వడ్డించడం లాంటిది. అయినా ఓ ప్రయత్నం చేద్దాం. దగ్గర్లో కాగితమూ పెన్సిలూ ఉంటే తీసుకోండి. లేకపోతే కళ్ళు మూసుకుని గాలిలోనే గీయండి. ముందు చేపలాగా కోలగా, పెద్దగా ఒక కన్ను. నుదుటి దగ్గర మొదలై ముక్కు మీదుగా గడ్డం దాకా ఆగకుండా దిగే ఒక గీత. వీపు మీద పడి, నడుం దాటి ఇంకా కిందికి వేలాడే ఒక జడ. భుజం మీంచి వెళ్ళే పైటకు ఒకటి రెండు గీతలు. ఇక చాలు, ఆపేయండి. ఇప్పుడు దాన్ని పక్కనున్న వాళ్ళకు చూపించి ఎవరి బొమ్మ అని అడగండి. మీ చెయ్యి ఎంత వంకర తిరిగినా, తెలుగు పత్రికలు చదివిన వాళ్ళయితే "బాపు బొమ్మలా ఉందే" అంటారు.

ఇందులో ఒక వింత ఉంది. ఒక మనిషి పేరు ఒక జాతి మొత్తానికి విశేషణం కావడం అంత తేలికగా జరిగే పని కాదు. పిల్ల అందంగా ఉందంటే బాపు బొమ్మలా ఉందంటాం. 2013లో వచ్చిన ఒక సినిమాలో ఈ మాటమీదనే పాట కట్టారు. ఆ పాటకు గంతులు వేసిన కుర్రాళ్ళలో బాపుగారి బొమ్మను పత్రికలో చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? మాట మిగిలింది. బొమ్మ మిగులుతుందా? ఈ పూట మాట్లాడుకోబోయేది అదే.

ముందుగా నా తప్పొకటి ఒప్పుకోవాలి. నేను చెన్నైలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే మనిషిని. కొన్నేళ్ళ కిందట ఏడో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. ఏ నోటుపుస్తకం తెరిచినా అంచుల్లో ఆటో పక్కన నిలబడ్డ రజనీకాంతే. లెక్కల పుస్తకంలో రజనీకాంత్, చరిత్ర పుస్తకంలో రజనీకాంత్. విసుగొచ్చి, "మళ్ళీ అదే బొమ్మా? ఇంకేదీ రాదా నీకు?" అన్నాను. వాడేమీ భయపడలేదు. "అదే కాదు టీచర్. నిన్న కోపంగా ఉన్నాడు, ఇవాళ సవారీ దొరకలేదని దిగులుగా ఉన్నాడు" అన్నాడు. తేరిపార చూస్తే నిజమే. భుజాలు వంగి ఉన్నాయి. ఆ రెండు బొమ్మలకూ ఉన్న తేడా అంతా ఆ భుజాల్లోనే ఉంది.

ఆ మాట నాకు చాలాకాలం గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే బాపుగారి మీద కూడా నేను అలాంటి ఫిర్యాదే విన్నాను, ఒకప్పుడు నేనూ చేశాను. ఎప్పుడూ ఆ కళ్ళే, ఆ జడే, ఆ రాముడే, ఆ బుడుగే అని. అరవై ఏళ్ళకు పైగా ఒక చిత్రకారుడు కొద్దిమంది మనుషుల్నే మళ్ళీ మళ్ళీ గీస్తూ పోతే, అది చేతకానితనమా, లేక ఇంకేమైనానా?

బాపుగారి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో పుట్టారు. చదువు మద్రాసులో సాగింది. లా చదివి 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకున్నారు. నల్లకోటు మాత్రం తొడుక్కోలేదు. నల్లసిరానే నమ్ముకున్నారు. ఆయనతో పాటు ఎప్పుడూ చెప్పుకోవలసిన మరో పేరు ముళ్ళపూడి వెంకటరమణ. రమణగారు 1931లో పుట్టారు. ఇద్దరిదీ మద్రాసులో బడి రోజుల నాటి స్నేహం. రమణ రాస్తే బాపు గీయడం, బాపు గీస్తే రమణ రాయడం. పెద్దయ్యాక ఒకే ఇంట్లో కాపురాలు పెట్టుకున్నారు. 2011 ఫిబ్రవరి 24న రమణగారు వెళ్ళిపోయేదాకా ఆ జంట విడిపోలేదు.

ఈ కథలో రేడియోకూ భాగం ఉందని చెప్పుకోవడం మనకు ముచ్చటే. మద్రాసు ఆకాశవాణి 1938లో మొదలైంది. అందులో తెలుగు పిల్లల కార్యక్రమం నడిపిన దంపతులు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి. పిల్లలకు వాళ్ళు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. ఆ ఇద్దరే 1945లో 'బాల' అనే పత్రిక పెట్టారు. రమణగారి తొలి కథ అచ్చయింది అందులోనే. బాపుగారు చిన్ననాడు బొమ్మలు వేసిందీ అందులోనే. మైకు ముందు పిల్లల్ని కూర్చోబెట్టిన పెద్దలే వాళ్ళ చేతికి కాగితం కూడా ఇచ్చారన్నమాట.

చదువు అయ్యాక బాపుగారు ఆంధ్రపత్రికలో చేరారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేసిన సంస్థ అది. జార్జిటౌనులో తంబుచెట్టి వీధిలో దాని కార్యాలయం ఉండేది. ఇవాళ ఆ వీధిలో నడిచేవాళ్ళకు అక్కడ ఒక తెలుగు లోకం ఉండేదంటే నమ్మశక్యం కాదు.

ఇప్పుడు కాసేపు అచ్చు సంగతి చెప్పాలి. ఆ సంగతి తెలియకుండా బాపుగారి గీత అర్థం కాదు. ఆ రోజుల్లో పత్రికలో బొమ్మ వేయాలంటే దాన్ని ముందుగా బ్లాకు చేయించాలి. చిత్రకారుడు నల్లసిరాతో గీసిన బొమ్మను ఫోటో తీస్తారు. ఆ ఫిల్ముద్వారా జింకు రేకు మీదికి బొమ్మను దించుతారు. గీత ఉన్నచోటు గట్టిపడుతుంది. మిగతా భాగాన్ని ఆసిడ్ తినేస్తుంది. అప్పుడు గీతలు మాత్రం పైకి తేలి నిలబడతాయి. వాటికి సిరా పూసి కాగితంమీద ఒత్తుతారు. దీన్ని లైను బ్లాకు అనేవారు. ఇందులో నలుపు ఉంటుంది, తెలుపు ఉంటుంది, మధ్యలో బూడిదరంగు ఉండదు. నీడలూ ఛాయలూ కావాలంటే చుక్కలతో చేసే హాఫ్‌టోన్ బ్లాకు వేరే ఉండేది కానీ, నాసిరకం న్యూస్‌ప్రింటు మీద ఆ చుక్కలు కలిసిపోయి మొహాలు మసిబారేవి.

అంటే ఆ చౌక కాగితం చిత్రకారుడికి ఒక షరతు పెట్టింది. చెప్పదలుచుకున్నది గీతతోనే చెప్పు, ఎక్కువ గీస్తే ముద్దవుతుంది జాగ్రత్త, అని. ఆ షరతును కొందరు భరించారు. బాపుగారు దాన్ని వరం చేసుకున్నారు. ఆయన గీతను కొంచెం దగ్గరగా పెట్టుకుని చూడండి. ఒక చోట వెంట్రుకంత సన్నగా మొదలై, వంపు దగ్గర బరువెక్కి, మళ్ళీ సన్నబడి ఆగిపోతుంది. చీర బరువు, జడ బరువు, నడకలోని ఊపు, అన్నీ ఆ లావు సన్నాల్లోనే ఉన్నాయి. చాలాచోట్ల గీత పూర్తి కాదు కూడా. వీపు దగ్గర వదిలేసిన గీతను మన కన్నే పూర్తి చేసుకుంటుంది. సగం బొమ్మ ఆయన వేస్తే మిగతా సగం మనం వేసుకుంటాం. అందుకే అది మన సొంత బొమ్మలా అనిపిస్తుంది.

ఇక మళ్ళీ మళ్ళీ వచ్చే మనుషుల దగ్గరికి వద్దాం. వీళ్ళలో మొదట చెప్పుకోవలసినవాడు బుడుగు. 1950ల మధ్యలో ఆంధ్రపత్రిక వారపత్రికలో రమణగారి మాటలతో, బాపుగారి గీతలతో పుట్టాడు. అమెరికాలో హ్యాంక్ కెచమ్ అనే ఆయన 1951లో డెనిస్ అనే అల్లరి పిల్లవాణ్ణి పుట్టించాడు. బుడుగును తెలుగు డెనిస్ అన్నవాళ్ళున్నారు. కానీ మన బుడుగు పక్కన బామ్మ ఉంది, బాబాయి ఉన్నాడు, ఆ బాబాయి కంటపడే రెండుజెళ్ళ సీత ఉంది, పక్కింటి సీగానపెసూనాంబ ఉంది. గోదావరి మాట మద్రాసు వీధిలోకి వచ్చి ఆడుకుంటున్నట్టు ఉంటుంది. బుడుగు అమ్మానాన్నలు రాధ, గోపాళం కూడా వేరే కథల్లోకి వెళ్ళి తమ చిలిపి కాపురం సాగించారు. ఇక అప్పులు చేయడాన్ని ఒక కళగా, ఒక వేదాంతంగా బతికిన అప్పారావు ఉండనే ఉన్నాడు.

వీళ్ళందరూ మొదటిసారి కనిపించినప్పుడు కొత్తవాళ్ళే. రెండోసారికి తెలిసినవాళ్ళు. పదోసారికి చుట్టాలు. చుట్టం గుమ్మంలోకి రాగానే మొహం ఎలా ఉందో చూడం. అది మనకు తెలిసిందే. ఏ మూడ్‌లో వచ్చాడో చూస్తాం. బుడుగు కూడా అంతే. వాడి మొహాన్ని పరిచయం చేయనవసరం లేదు కనుక, చిత్రకారుడు తన శక్తినంతా వాడి మోచేతి మీద, పాదం మీద, వాడు వెనక్కి దాచుకున్న చేతి మీద పెట్టవచ్చు. బొమ్మ అదే అయినప్పుడే అందులోని చిన్న మార్పు మనకు కనిపిస్తుంది. నా ఏడో తరగతి కుర్రాడు నాకు నేర్పిన పాఠం సరిగ్గా ఇదే. త్యాగరాజ కీర్తన వెయ్యిసార్లు విన్నా మళ్ళీ కచేరీకి వెళ్ళేది కొత్త కీర్తన కోసం కాదు కదా. తెలిసిన దారిలో గాయకుడు ఈసారి ఎక్కడ మలుపు తిరుగుతాడో చూడటానికి వెళతాం.

రాముడి విషయంలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. బాపుగారు రామాయణాన్ని ఎన్నిసార్లు గీశారో లెక్కకు అందదు. పత్రికల్లో గీశారు, పుస్తకాలకు గీశారు. సినిమా దర్శకుడయ్యాక తెరమీదా గీశారు. సంపూర్ణ రామాయణం, 1976లో సీతాకల్యాణం, చివరికి 2011లో శ్రీరామరాజ్యం. మధ్యలో 1975లో తీసిన ముత్యాలముగ్గులో రాముడి పేరున్న పాత్రేదీ లేకుండానే ఉత్తర రామాయణం చెప్పారు. అనుమానంతో ఇంటినుంచి పంపేసిన గర్భవతి, ఆమె పిల్లలు, వాళ్ళకు అండగా ఆంజనేయస్వామి. కథ అదే, కట్టు మారింది. ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. సినిమా తీసేటప్పుడు కూడా ఆయన ప్రతి షాటునూ ముందే కాగితంమీద బొమ్మ గీసుకునేవారు. కెమెరా ఆ బొమ్మ వెంట నడిచేది.

ఈ మళ్ళీ మళ్ళీ గీయడం మన దగ్గరే ఉన్న సంగతి కాదు. అమెరికాలో ఆండీ వార్‌హోల్ అనే చిత్రకారుడు 1962లో అంగట్లో అమ్మే సూపు డబ్బాల బొమ్మలు 32 వేసి వరసగా ప్రదర్శనకు పెట్టాడు. పేరూ రంగూ అన్నీ అవే, లోపలి రుచి పేరు మాత్రం వేరు. బజారు వస్తువుకు గ్యాలరీలో పీట వేయడం ఆయన చేసిన పని. దాన్ని పాప్ ఆర్ట్ అన్నారు, అంటే జనం వాడుకలోని సరుకుతో చేసిన కళ. బాపుగారి దారి దీనికి తలకిందులు. ఆయన గ్యాలరీనుంచి బజారులోకి నడిచారు. ఆయన బొమ్మ పెళ్ళి శుభలేఖమీదికి వెళ్ళింది, గ్రీటింగు కార్డు మీదికి వెళ్ళింది, నవల అట్టమీదికి వెళ్ళింది. ఆయన చేతిరాత సైతం కంప్యూటరులో ఫాంటుగా మారి, ఇప్పుడు ఎవరి పిలుపుకార్డులోనైనా పక్కకు ఒరిగి నవ్వుతోంది. మన ఆర్.కె. లక్ష్మణ్ 1951నుంచి గళ్ళకోటు కామన్ మ్యాన్‌ను గీస్తూ వచ్చారు. ఆయన దేశానికి ఒక పొరుగాయనను ఇచ్చారు. బాపుగారు తెలుగువాళ్ళకు ఒక కుటుంబాన్నే ఇచ్చారు.

ఈ కుటుంబం మద్రాసులో పుట్టడం కూడా ఊరికే జరగలేదు. ఆ ఊళ్ళో గోడలన్నీ బొమ్మలే. మౌంట్‌రోడ్డుమీద చేత్తో రంగులేసిన సినిమా కటౌట్లు మేడలకన్నా ఎత్తుగా నిలబడేవి. తర్వాతి కాలంలో ఫ్లెక్సు వచ్చి వాటిని మింగేసింది. ఆనందవికటన్‌లో గోపులుగారి గీత నవ్వుతుండేది. బాపుగారు ఆయన్ను గురుస్థానంలో చూసుకునేవారు. 1947 జూలైలో మొదలైన చందమామలో శంకర్‌గారు, భుజాన శవం వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి నెలనెలా గీసేవారు. శంకర్‌గారు తమిళులు, ఆ బొమ్మ తెలుగు పిల్లలకు కంఠస్థం. గోదావరి నుంచి వచ్చిన బాపుగారికి తమిళుడు గురువు. గీతకు లిపి లేదు కనుక ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి అనువాదం అక్కర్లేకపోయింది. 2013లో బాపుగారికి పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ జాబితాలో ఆయన రాష్ట్రం తమిళనాడు అని ఉంది. మనవాళ్ళు కొందరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఈ ఊరు తన మనిషిని తనవాడని చెప్పుకున్నట్టు అనిపించింది. 2014 ఆగస్టు 31న ఆయన కన్నుమూసిందీ ఈ ఊళ్ళోనే.

అన్నీ పొగడ్తలే అయితే పాఠం సగమే అవుతుంది. బాపు బొమ్మ అనే మాటకు ఒక చేదు కూడా ఉంది. ఆ పెద్దకళ్ళు, ఆ బారుజడ, ఆ సన్నటి నడుం ఆడపిల్లల్ని కొలిచే బద్ద అయిపోయాయి. మా తరగతిలో ఒక పొట్టిజుట్టు అమ్మాయి, "మరి నేనెవరి బొమ్మను టీచర్?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. మర్నాడు రాధాగోపాళం బొమ్మలు పట్టుకెళ్ళి చూపించాను. ఆ రాధ పేపరు చదువుతుంది, మొగుడితో వాదిస్తుంది, చాలాసార్లు గెలుస్తుంది కూడా. బాపుగారి కార్టూన్లలో లావుపాటి పిన్నిగార్లున్నారు, పళ్ళెత్తు బామ్మలున్నారు. అందరి మీదా ఆయన కన్ను ప్రేమగానే పడింది. ఆ ఒక్క ముద్రనే పట్టుకుని కొలబద్ద చేసుకున్నది మనం. గీత తప్పు కాదది, చూపు తప్పు.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాను. ఈ బొమ్మలు మిగులుతాయా? ఆంధ్రపత్రిక 1991లో మూతపడింది. చందమామ కూడా ఆగిపోయింది. వారపత్రికలో వచ్చిన బొమ్మ వారానికే పుడుతుంది. వారం దాటాక అది పొట్లం కాగితం. మా ఇంట్లోనూ ఒక సంక్రాంతికి అటక దులిపి, రెండు గోనెసంచుల పాతపత్రికలు తూకానికి వేశాం. కిలోకు ఎంతిచ్చాడో కూడా గుర్తులేదు. దేవుడి పటం చినిగితే నదిలో కలపడానికి కూడా ముహూర్తం చూసే మనం, అదే దేవుణ్ణి గీసిన చెయ్యి సంగతి ఆలోచించలేదు. మ్యూజియంలో నూనెరంగుల బొమ్మకు కాపలాదారు ఉంటాడు. పత్రిక బొమ్మకు కాపలాదారు మీరూ నేనే.

చెన్నైలోని తెలుగు పిల్లలకు ఇందులో ఇంకో సంగతీ ఉంది. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి భాష అయింది. ఏ ఊళ్ళో ఉంటామో ఆ ఊరి భాష నేర్వడం మంచిదే, నేనూ నేర్పుతాను. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది ఇప్పుడు తెలుగు చదవలేరు. అలాంటి పిల్లల ముందు పెద్దబాలశిక్ష తెరిస్తే ఆవలిస్తారు. నేను ఒకరోజు బుడుగు బొమ్మ ఒకటి బోర్డుకు అంటించి, పాఠం ఏమీ చెప్పకుండా కూర్చున్నాను. ముందు నవ్వారు. తర్వాత ఒకడు లేచి, "కింద ఏం రాసుంది టీచర్? వాడేమంటున్నాడు?" అని అడిగాడు. ఆ ప్రశ్న చాలు. అక్షరాలు ఆ దారినే వస్తాయి. బాపురమణలు 1980లలో బడిపిల్లల కోసం వీడియో పాఠాలు తయారు చేశారు. బొమ్మే మొదటి పంతులు అని వాళ్ళకు అప్పటికే తెలుసు.

కాబట్టి ఒక చిన్న పని చెబుతాను. ఈ ఆదివారం మీ అటక మీదో, ట్రంకుపెట్టెలోనో పాత వారపత్రికలు ఉన్నాయేమో చూడండి. బాపు అని పక్కకు ఒరిగిన సంతకం కనిపిస్తే ఆ పేజీని మడతపెట్టకుండా ఒక ఫైలులో దాచండి. అంచున తారీఖు రాసిపెట్టండి. ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మ చూపించండి, కింది మాట మాత్రం మీరు చదవకండి. వాళ్ళనే కూడబలుక్కోనివ్వండి. మీ పిల్లాడు నోటుపుస్తకం అంచున అదే బొమ్మ ఇరవయ్యోసారి వేస్తుంటే నాలా గద్దించకండి. ఇవాళ అందులో ఏం మారిందో అడగండి.

ఇందాక మీరు గీసిన బొమ్మ ఇంకా చేతిలోనే ఉందా? పారేయకండి. రేపు మళ్ళీ అదే గీయండి. సెలవు.